పెద్దపేగు పరీక్షకు ముందురోజు

వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లాకే కదా మనం ముగ్గు పెట్టేది! కొలనోస్కోపీ కూడా అంతే. సన్నటి గొట్టం చివరనున్న కెమెరాతో డాక్టరుగారు పెద్దపేగు లోపలి పొరను చూస్తారు. పేగు శుభ్రంగా లేకపోతే చిన్న పుండున్నా, కండ పెరిగినా మరుగున పడిపోతుంది.

అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్ అనేవి ఏళ్ల తరబడి ఉండే పేగు వాపు జబ్బులు. పెద్దపేగులో ఈ జబ్బు మొదలై 8 సంవత్సరాలు దాటిన చాలామందికి, క్యాన్సరు మార్పులను తొలిదశలోనే పట్టుకోవడానికి ఈ పరీక్ష మళ్లీ మళ్లీ చేస్తారు.

నాకు తెలిసిన ఒకావిడ మందునీళ్లు సగం తాగి, వికారంగా ఉందని మిగతాది సింకులో పారబోశారు. "అంతా తాగారామ్మా?" అని నర్సు అడిగితే మొహమాటపడి "ఆఁ" అన్నారు. తీరా చూస్తే లోపల ఏమీ కనబడలేదు. మళ్లీ పస్తు, మళ్లీ మందు, మళ్లీ ఖర్చు! నిజం చెప్పి ఉంటే ముందే ఏదో ఉపాయం చూసేవారు కదా.

మరి ఏం చేయాలి? రెండు మూడు రోజుల ముందునుంచే ఆకుకూరలు, వంకాయ, టమాటా, జామ, రాగి, జొన్న మానండి. తెల్లన్నం, పెరుగు తినవచ్చు. ముందురోజు ఆస్పత్రివారు చెప్పిన వేళనుంచి తేట పానీయాలే పుచ్చుకోవాలి: కొబ్బరినీళ్లు, పాలు కలపని టీ, వడకట్టిన నిమ్మరసం. ఎర్రటి షర్బత్తు మాత్రం వద్దు. లోపల నెత్తురేమో అనిపిస్తుంది.

మందు సాధారణంగా రెండు విడతలు. సగం ముందురోజు సాయంత్రం, సగం పరీక్షకు 4 నుంచి 6 గంటల ముందు. తెల్లవారుజామున ఎవరు లేస్తారులే అని అంతా రాత్రే తాగేయకండి. రాత్రి తరువాత పేగులోకి దిగినదాన్ని కడిగేది ఆ రెండో విడతే. చల్లబరచి కొద్దికొద్దిగా తాగితే వికారం తగ్గుతుంది. చివరకు పచ్చటి తేటనీళ్లలా వెళ్లాలి.

ఈ జబ్బువారికి పాలిఇథిలీన్ గ్లైకాల్ మందునే ఎక్కువగా ఇస్తారు. సోడియం ఫాస్ఫేట్ మందువల్ల కొందరికి పేగులో చిన్న పుళ్లు పడి, జబ్బు పుళ్లేనని భ్రమ కలిగిస్తాయి. కనుక పక్కింటివారి చీటీతో మందు కొనకండి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు కూడా అడగకుండా వేసుకోకండి. పేగు జబ్బుకు వాడే మందులను మీ అంతట మీరు ఆపకండి. ఐరన్, షుగరు, రక్తం పలచబరిచే మందుల సంగతి వారం ముందే అడిగి తెలుసుకోండి.

కడుపు ఉబ్బి విపరీతంగా నొప్పి వచ్చినా, వాంతులు ఆగకపోయినా, కళ్లు తిరిగినా, నెత్తురు ఎక్కువగా పోయినా మందు ఆపి వెంటనే ఆస్పత్రికి తెలియజేయండి.

ఇంకొక్క మాట. ఆ రోజు వంటిల్లు ఇంకొకరికి అప్పగించండి. పస్తుండి పోపు వాసన భరించడం ఎంత కష్టమో మనకు తెలియనిదా? మాటిమాటికీ బాత్రూముకు వెళుతున్నామని సిగ్గుపడకండి. మందు పనిచేస్తోందన్నమాట!