పాత పాకము – క్రొత్త పొయ్యి

రాజుల విజయములు శాసనములలో నిలిచినవి. వారి కోటలు శిథిలములైనను కంటికి కనబడుచున్నవి. కాని ఆ రాజులును, ఆ కోటలకు రాళ్ళు మోసిన కూలీలును మధ్యాహ్నవేళ ఏమి తినిరో తెలుపు ఆధారములు మిక్కిలి తక్కువ. విస్తరి ఎత్తివేసిన పిమ్మట భోజనమునకు జాడ యుండదు. ఆ జాడను వెదకుటకు నేడు పండితులతోపాటు సామాన్య గృహస్థులును పూనుకొనుట ముచ్చటైన విషయము.

అమెరికాలో మాక్స్ మిల్లర్ అను నాతడు 2020లో యూట్యూబునందు ‘టేస్టింగ్ హిస్టరీ’ అను పేర వీడియోలు ప్రారంభించెను. ప్రాచీన గ్రంథమునుండి ఒక వంటకమును గ్రహించి, దానిని వండుచు, ఆ కాలపు చరిత్రను కథవలె చెప్పుట అతని పద్ధతి. చూచువారు చూచి ఊరకుండుట లేదు. అదే వంటను తమ యిండ్లలో వండి, ఉప్పు చాలలేదనియు పులుపు మించినదనియు చర్చించుకొనుచున్నారు. పూర్వపు నావికులు తిన్న రాతివంటి రొట్టె ప్రస్తావన వచ్చినప్పుడెల్ల అతడు రెండు రొట్టెలను ఠక్కుఠక్కుమని తాకించి చూపును. అభిమానులు ఆ చప్పుడుకొరకే ఎదురుచూతురు.

వేడుక అట్లుండగా, దీనివెనుక శ్రమయు కలదు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున క్రీస్తుపూర్వము సుమారు 1730 నాటి బాబిలోనియా మట్టిఫలకములు కొన్ని యున్నవి. వానిలో ఒకదానిపై 25 వంటకములు కలవు. మాంసము, నీరు, కొవ్వు, ఉల్లి, వెల్లుల్లి అని పేరులుండునే కాని, ఎంత వేయవలెనో, ఎంతసేపు ఉడుకవలెనో ఉండదు. వ్రాసినవాడు వంట ఎరిగినవారికొరకే వ్రాసెను. “ఉప్పు తగినంత” అను మన అవ్వల కొలతయు ఇట్టిదే కదా!

వస్తువే లుప్తమైన సందర్భములును కలవు. రోమనులు ప్రాణప్రదముగ వాడిన సిల్ఫియమ్ అను మొక్క ఉత్తరాఫ్రికాలోని సైరీన్ ప్రాంతమున పెరిగెడిది. తన కాలమున ఒక్క కాడ మాత్రమే దొరకగా దానిని నీరో చక్రవర్తికి పంపిరని ప్లినీ వ్రాసెను. దానికి బదులుగా రోమనులు వాడినది మన పోపులపెట్టెలోని ఇంగువ! నేడు రోమను వంటకము వండగోరువారును ఇంగువనే ఆశ్రయించుచున్నారు.

అయినను, ఇట్లు వండినది అచ్చముగ ఆనాటిదే యనుట సాహసము. ధాన్యము మారినది, పొయ్యి మారినది, నాలుకయు మారినది. శిథిలమైన తాళపత్రమున లోపించిన అక్షరములను పూరించు పరిష్కర్త, తన పూరణమును కుండలీకరణములలో చూపును. వంటవాడును అట్లే ఏది మూలమో, ఏది తన ఊహయో చెప్పవలెను. అట్లు చెప్పినచో అది విద్య, చెప్పకున్నచో గారడి.

ఈ విద్యకు మన వాఙ్మయమున సామగ్రి కొఱత లేదు. పన్నెండవ శతాబ్దమున కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసమున అన్నభోగమను ప్రకరణము కలదు. అందలి ‘ఇడ్డరిక’ నేటి ఇడ్డెనకు పూర్వరూపము. అది మినుములతోనే చేయబడును; బియ్యము లేదు. మిరియము, జీలకఱ్ఱ, ఇంగువ దానికి రుచి. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు వానకాలమున ఒక విధముగ, వేసవిని ఒక విధముగ, చలికాలమున వేరొక విధముగ వడ్డించును. చలినాటి భోజనమున మిరియపుపొడి చల్లిన వేడికూరలు, ముక్కుకెక్కు ఆవపచ్చళ్ళు కలవు. మిరపకాయ లేదు. అది అమెరికా ఖండమునుండి పోర్చుగీసువారి ద్వారమున మన దేశమునకు వచ్చిన పంట. మిరప లేని తెలుగు వంటిల్లును ఊహింపలేని విద్యార్థి, ఒకపూట మిరియముతోడనే కూర వండి తిన్నచో ఆ పద్యభావము అతనికి వ్యాఖ్యానము లేకయే బోధపడును.

వెదకవలసినవి ప్రాచీనగ్రంథములు మాత్రమే కావు. బాబిలోనియా లేఖకుడు కొలతలు చెప్పకున్నను పేరులైనను మట్టిపై నిలిపెను. ఎందరో అవ్వలు కాచెడి ఉలవచారు, పట్టెడి వడియములు ఏ కాగితముపైనను లేవు. ఉపాధ్యాయులు సెలవులలో పిల్లలకు ఒక పని ఒప్పగింపవచ్చును. అవ్వ ఉప్పు వేయునపుడు ఆమె గుప్పిటిని ఆపి, చెంచాతో కొలిచి, పుస్తకమున వ్రాసికొనవలెను. ఆమె నవ్వినను సరే, విసుగుకొన్నను సరే.