స్పెక్ షీట్‌లో ఖాళీ గడి: డేటాబేస్‌కి అసలు కష్టం అక్కడే

ఫోన్ కంపారిజన్ సైట్లలో ఎన్ఎఫ్‌సీ ఫిల్టర్ ఎప్పుడైనా వాడారా? ‘ఉంది’ అని టిక్ పెడితే మీరు వెతికే ఫోన్ రాదు. సరే, లేదేమో అని ‘లేదు’ టిక్ చేస్తే అక్కడా రాదు. ఫోన్ మాత్రం సైట్‌లోనే ఉంటది! చాలాసార్లు కారణం ఒక్కటే: ఆ గడిలో ఎవరూ ఏమీ ఎంటర్ చేయలేదు.

ఎస్‌క్యూఎల్‌లో ఈ ఖాళీని నల్ అంటారు. బీటెక్ డీబీఎంఎస్‌లో మాకిది రెండు మార్కుల ప్రశ్న, అంతే. నల్ అంటే సున్నా కాదు, ‘లేదు’ కూడా కాదు, ‘తెలియదు’ అని. దాన్ని దేంతో పోల్చినా వచ్చే రిజల్ట్ ‘అన్‌నోన్’. కండిషన్ కచ్చితంగా ట్రూ అయిన వరసలే బయటికొస్తాయి. అందుకే ‘ఎన్ఎఫ్‌సీ ఉన్నవీ లేనివీ రెండూ చూపించు’ అని అడిగినా ఆ ఫోన్ రాదు. ఏదో ఒకటి నిజమే కదా అని మనకు తెలుసు, ఎస్‌క్యూఎల్‌కి తట్టదు.

మరి కరెక్ట్ జవాబు ఎలా? ఇమియెలిన్‌స్కీ, లిప్‌స్కీ 1984లో రాసిన పేపర్ ఈ సబ్జెక్టుకి పునాది లాంటిది. ఖాళీలను సాధ్యమైన అన్ని రకాలుగా నింపి చూడాలి. ఎలా నింపినా మారకుండా వచ్చేదే ఖాయమైన జవాబు. వినడానికి ఈజీగానే ఉంది. చిక్కల్లా లెక్కలో.

హనుమకొండలో వరసగా హాస్టళ్లున్న ఒక వీధి అనుకోండి. ప్రతి రూమ్‌లో ఒక వైఫై రౌటర్. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి అడ్డు రాని ఛానెళ్లు 1, 6, 11 మాత్రమే. ఏ రౌటర్‌కి ఏ రౌటర్ పక్కనుందో మన టేబుల్‌లో ఉంది, ఛానెల్ గడులు మాత్రం ఖాళీ. ఆ మూడింట్లో ఏదో ఒకటని తెలుసు. ప్రశ్న: పక్కపక్కనున్న ఏవో రెండు ఒకే ఛానెల్‌లో ఖాయంగా ఉన్నాయా?

నాలుగు రౌటర్లు నాలుగూ ఒకదానికొకటి పక్కనే ఉంటే ఆలోచించక్కర్లేదు, ఖాయంగా ఉన్నాయి. కానీ 20 రౌటర్లు అడ్డదిడ్డంగా ఉంటే నింపే పద్ధతులు 348 కోట్లు దాటుతాయి. ఇంకొక్క రౌటర్ కలిస్తే దానికి మూడింతలు. జవాబు ‘ఖాయం కాదు’ అయితే గొడవ రాని ఒక్క అమరిక చూపిస్తే చాలు. ‘ఖాయం’ అనాలంటే మాత్రం అలాంటిది ఒక్కటి కూడా లేదని నిరూపించాలి. ఇలాంటి ప్రశ్నలనే కో-ఎన్‌పీ అంటారు. ఇది మూడు రంగుల గ్రాఫ్ కలరింగ్ సమస్యకి తిరగేసిన రూపం. మంచి సాల్వర్లు చాలా కేసులు దాటిస్తాయి, కానీ అన్ని కేసుల్లోనూ స్పీడ్‌గా పనిచేసే పద్ధతి ఇప్పటిదాకా ఎవరికీ దొరకలేదు.

అన్ని క్వెరీలూ ఇంత మొండివి కావు. ప్రతి ఖాళీని ఒక కొత్త పేరున్న విలువ అనుకుంటే, ‘కాదు’, ‘తప్ప’ లాంటివి లేని మామూలు జాయిన్ క్వెరీలకు ఖాయమైన జవాబు ఎప్పటి స్పీడ్‌లోనే వస్తుంది. ‘ఎవరికి లేదు?’ అని అడిగినప్పుడే తలనొప్పి మొదలు.

రేషన్ కార్డు విషయంలో అడిగేది అదే: కారు ఎవరికి లేదు? తెలంగాణ ప్రభుత్వ సమగ్ర వేదిక సిస్టమ్ వేర్వేరు శాఖల రికార్డులను పేరు, అడ్రస్ పోలికలతో కలుపుతుంది. రెండు చోట్లా ఒకే పేరుంటే, ఇద్దరూ ఒకరేనా? అది కూడా ఖాళీ గడే. అవుననుకుని ముందుకెళ్తే, సాధ్యమైన వాటిలో ఒక్కదాన్నే నిజం అనుకున్నట్టు. ఎవరిదో కారు ఇంకెవరి లెక్కలోనో పడ్డ కేసులు వార్తల్లోకొచ్చాయి. కంప్యూటర్ లెక్కల మీద లక్షల కార్డులు రద్దయిన వ్యవహారం సుప్రీంకోర్టుకి చేరితే, వాటిని క్షేత్రస్థాయిలో మళ్లీ వెరిఫై చేయమని 2022 ఏప్రిల్‌లో కోర్టు చెప్పింది.

ఇక్కడ నా లెక్కలో మూడో లిస్ట్ ఒకటి ఉండాల్సింది. ‘అర్హులు’, ‘అనర్హులు’ పక్కన ‘తెలియదు’. ఆ మూడో లిస్ట్ ప్రింట్ తీసుకుని ఎవరైనా ఆ ఇంటి తలుపు తట్టి అడిగితే, 348 కోట్ల కేసులు తిప్పక్కర్లేదు. వాకిట్లో కారుందో లేదో అక్కడే తెలిసిపోతది.