మీకు తెలుసా? తప్పు రొయ్యలది కాదు

ఇంట్లో ఎవరికైనా స్టెంటు పడితే బందరు వైపు ముందుగా బంద్ అయ్యేది రొయ్యల ఇగురు. నిజానికి మన ఒంట్లోని కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం కాలేయం తయారు చేసుకునేదే. వండిన వంద గ్రాముల రొయ్యల్లో దాదాపు ఒక కోడిగుడ్డులో ఉన్నంత కొలెస్ట్రాల్ ఉన్నమాట నిజమే. కానీ రక్తంలో చెడు కొలెస్ట్రాల్‌ను, అంటే ఎల్‌డీఎల్‌ను, ఎక్కువగా పెంచేది సంతృప్త కొవ్వు. అది వంద గ్రాముల రొయ్యల్లో గ్రాము కూడా ఉండదు, పామాయిల్‌లో మాత్రం దాదాపు సగం అదే. అందుకే నాగాయలంక చెరువులో పెరిగిన రొయ్య కంటే దాన్ని వేయించిన మూకుడునే నేను ముందు అనుమానిస్తాను. నూనె ప్యాకెట్ మీద ‘కొలెస్ట్రాల్ లేదు’ అని ఉందా? మొక్కల నుంచి తీసిన ఏ నూనెలోనూ అది లెక్కలోకి వచ్చేంత ఉండదు. చూడాల్సింది సంతృప్త కొవ్వు ఎంతుందన్నది.

మనవాళ్లలో ఇంకో చిక్కు ఎక్కువ. ఎల్‌డీఎల్ మరీ పెరగకపోయినా మంచి కొలెస్ట్రాల్ తక్కువగా, ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు ఎక్కువగా ఉంటాయి. పూటపూటా పళ్లెం నిండా తెల్లన్నం, పెరిగే పొట్ట, తగ్గిన ఒళ్లువంచే పని ఇందుకు తోడవుతాయి.

గుండెజబ్బు పట్నాలదని అనుకుంటే పొరపాటు. 2003-04లో మన పక్కనే ఉన్న గోదావరి జిల్లాల్లోని 45 ఊళ్లలో, సుమారు 1,80,000 మంది జనాభాలో, చనిపోయినవారి ఇళ్లకు వెళ్లి కారణాలు ఆరా తీశారు. నూటికి 32 మరణాలు గుండె, రక్తనాళాల జబ్బులవే. అంటురోగాల వాటా 12.

పేరున్నవాళ్లనూ ఈ జబ్బు వదల్లేదు. గుడివాడ దగ్గర రామాపురంలో పుట్టిన సినీ నటుడు అక్కినేని నాగేశ్వరరావుకు 1974లో అమెరికాలో గుండె ఆపరేషన్ జరిగింది. ఆ తర్వాత ఆయన అన్నపూర్ణ స్టూడియో కట్టారు, దాదాపు నలభై ఏళ్లు బతికారు. అదే ప్రాంతంలోని నిమ్మకూరులో పుట్టిన ఎన్టీ రామారావును 72 ఏళ్ల వయసులో, 1996 జనవరి 18న, గుండెపోటు తీసుకుపోయింది.

అక్కినేని ఆపరేషన్ నాటికి కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు బజారులో లేవు. జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో వేల రకాల బూజులు, శిలీంధ్రాలు వెతికి, క్యోటోలోని ఓ ధాన్యం కొట్టు బియ్యం మీద పట్టిన బూజులో తొలి స్టాటిన్‌ను కనిపెట్టింది అప్పటికి ఏడాదో రెండేళ్లో ముందు. అమెరికాలో మొదటి స్టాటిన్‌కు అనుమతి వచ్చింది 1987లో. వరి పండే మన ప్రాంతంవాళ్లకు ఈ కథ తెలియాలి! ఒక్క మాట: రిపోర్టు బాగుందని చాలామంది మాత్ర మానేస్తారు. బాగున్నది మాత్ర వల్లే. ఆపితే కొన్ని వారాల్లోనే కొలెస్ట్రాల్ మళ్లీ పెరుగుతుంది. డాక్టరును అడక్కుండా ఆపకండి.

కొలెస్ట్రాల్ పెరిగినా నొప్పి, నీరసం ఏవీ ఉండవు. పరీక్ష చేయిస్తేనే బయటపడుతుంది. 2024లో భారత హృద్రోగ నిపుణుల సంఘం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మామూలు పరీక్షకు పరగడుపున వెళ్లాల్సిన పనిలేదు. ముప్పు తక్కువున్నవారికి ఎల్‌డీఎల్ 100 లోపు, ఇప్పటికే గుండెపోటు వచ్చినవారికి 55 లోపు ఉండాలి. రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసే లిపోప్రోటీన్-ఏ అనే కణాల పరీక్ష జీవితంలో ఒక్కసారైనా చేయించుకోమన్నారు. వాటి మోతాదు పుట్టుకతో వచ్చేది, తిండి మార్చినా పెద్దగా తగ్గదు. అమ్మకో నాన్నకో చిన్న వయసులోనే గుండెపోటు వచ్చి ఉంటే ఈ పరీక్ష ముందు మీకే కావాలి.