టీ పేరుతో రెండున్నర పెగ్గులు!

మిత్రులు పిలిస్తే నగరంలోని కాక్‌టెయిల్ బారుకు వెళ్ళారనుకోండి. గ్లాసులో నిమ్మముక్క, తియ్యటి రుచి – మందు తాగుతున్నట్లే అనిపించదు. ప్రమాదమంతా అక్కడే వుంది. 'లాంగ్ ఐలాండ్ ఐస్‌డ్ టీ'లో తేయాకు వుండదు. వోడ్కా, జిన్, రమ్, టెకీలా, నారింజ రుచిగల మద్యం – ఈ అయిదూ 15 మి.లీ. చొప్పున కలుస్తాయి. మొత్తం 75 మి.లీ. అంటే రెండున్నర చిన్న పెగ్గులు! కాలేయం గంటకు సుమారు ఒక్క చిన్న పెగ్గునే హరాయించుకోగలదు. కాఫీ తాగినా, చన్నీళ్ళు పోసుకున్నా ఆ వేగం పెరగదు.

అసలు ముట్టకపోవడమే మేలు. తప్పనిసరైతే ముందు భోంచేయండి. ఒక్క గ్లాసుతో ఆపండి. ఇన్సులిన్ తీసుకునే మధుమేహ రోగులకు రాత్రివేళ రక్తంలో చక్కెర హఠాత్తుగా పడిపోవచ్చు. వారు, గర్భిణులు, నిద్రమాత్రలు వాడేవారు నిమ్మరసంతో సరిపెట్టుకోవాలి. ఇంటికి ఆటోలో రండి. స్కూటరు తాళం జేబులోనే వుండనివ్వండి.