క్రాష్ గార్డు కన్నా ముందు బ్రేకు

డిసెంబరు వచ్చిందంటే మన క్యాంపస్‌లో లంబసింగి, మారేడుమిల్లి ప్లాన్లు మొదలవుతాయి. దాంతోపాటే జూనియర్ల దగ్గర్నుంచి ఒక ప్రశ్న: "అన్నా, బండికి ఏం పెట్టించమంటావ్?" అడిగేవాడి దగ్గర కొత్త బండి ఉండొచ్చు, చేతులు మారి వచ్చిన పాతదీ ఉండొచ్చు. ప్రశ్న మాత్రం ఒకటే. వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పేకన్నా ఒకేసారి రాసేద్దామని కూర్చున్నా.

నేను మొదట చెప్పేది ఒకటే. "ఏం తగిలించాలి" అని అడక్కండి. "ఈ బండి ఏ పని సరిగ్గా చెయ్యట్లేదు" అని అడగండి. రెండో ప్రశ్నకి జవాబు దొరికితే, మొదటిదానికి పెట్టబోయే డబ్బులో సగం మిగులుతుంది.

పోయిన ఏడాది మేం ఆరుగురం లంబసింగి వెళ్ళాం. మా బ్యాచ్‌మేట్ బండి చూడ్డానికి అందరికన్నా బాగుంది. ముందు పెద్ద క్రాష్ గార్డు, రెండు ఫాగ్ లైట్లు, వెనక టాప్ బాక్సు. తిరిగొస్తూ ఘాట్ దిగుతున్నప్పుడు ముందు బ్రేకు లివరు మెత్తబడి హ్యాండిల్ దాకా వచ్చేసింది. వెనక బ్రేకు మీదా, ఫస్ట్ గేరు మీదా నెమ్మదిగా దింపి, చదునైన చోట ఆపాడు. దెబ్బేం తగల్లేదు. విప్పి చూస్తే బ్రేకు ఆయిలు టీ డికాషన్ రంగులో ఉంది. ఆ బండికి పెట్టించిన సామానంతటికీ అయిన ఖర్చులో బ్రేకు ఆయిలు మార్పించే ఖర్చు ఎన్నో వంతో మీరే ఊహించుకోండి.

అసలు ఈ బళ్ళ సంగతి

అడ్వెంచర్ బండి అంటే తారు రోడ్డు మీదా, రోడ్డు లేని చోటా నడవాల్సింది. 1980లో బీఎండబ్ల్యూ తెచ్చిన ఆర్80 జీ/ఎస్‌తో ఈ రకం పేరు తెచ్చుకుంది. మన దేశంలో 2011లో హీరో ఇంపల్స్, 2016లో హిమాలయన్ 411, 2019లో ఎక్స్‌పల్స్ 200, 2020లో కేటీఎం 390 అడ్వెంచర్, 2023లో హిమాలయన్ 450 వచ్చాయి. సెకండ్ హ్యాండ్‌లో మనవాళ్ళు కొనేవి ఎక్కువగా వీటిలోవే.

పాతదానికీ కొత్తదానికీ తేడా సీసీల్లోనే లేదు. 125 సీసీ దాటిన కొత్త మోడళ్ళకి 2018 ఏప్రిల్ నుంచి, అప్పటికే అమ్ముతున్న మోడళ్ళకి 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి చేశారు. అంతకుముందు బండి కొంటే ఏబీఎస్ లేకపోవచ్చు. కాబట్టి పాత బండికి అప్‌గ్రేడ్ అంటే ముందు దాన్ని మళ్ళీ కొత్తదానిలా పనిచేయించడం. కొత్త బండికి అప్‌గ్రేడ్ అంటే దాన్ని మీ బరువుకీ మీరు వెళ్ళే దారికీ సర్దుకోవడం.

మొదటిది టైరు

ఇంజను ఎంత లాగినా, బ్రేకు ఎంత పట్టినా, నేలకి తగిలేది టైరే. టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైనట్టు. సెకండ్ హ్యాండ్ బండి చూసేటప్పుడు మీటర్ రీడింగ్ కన్నా ముందు ఇది చూడండి. గాట్లు బాగానే ఉన్నా రబ్బరు గట్టిపడితే తడి రోడ్డు మీద పట్టు ఉండదు.

ఒక చిన్న లెక్క. గంటకి 60 కిలోమీటర్లంటే సెకనుకి 16.7 మీటర్లు. బండి సెకనుకి సెకనుకి 7 మీటర్ల చొప్పున వేగం తగ్గించుకోగలిగితే సుమారు 20 మీటర్లలో ఆగుతుంది. పట్టు సగమైతే 40 మీటర్లు. మధ్యలో తేడా ఒక లారీ పొడవు కన్నా ఎక్కువ.

రకం ఎంచుకునేటప్పుడు నిజం చెప్పుకోండి. మీ ప్రయాణంలో తొంభై శాతం తారు రోడ్డే అయితే పెద్ద పెద్ద దిమ్మల టైరు వద్దు. అది మట్టిలో బాగుంటుంది కానీ తడి తారు మీద జారుతుంది, త్వరగా అరుగుతుంది.

స్పోక్ చక్రాల్లో ఎక్కువ వాటికి ట్యూబులుంటాయి. అంటే పంక్చరైతే టైరు విప్పాల్సిందే. రెండు టైరు లివర్లు, చిన్న పంపు, ఒక ట్యూబు పెట్టుకోండి. ఒకే ట్యూబుకి చోటుంటే ముందు చక్రం 21 అంగుళాలది తీసుకోండి. అవసరానికి దాన్ని వెనక చక్రంలో కూడా పెట్టి ఊరిదాకా చేరొచ్చు. ఈ పని ఒక్కసారైనా హాస్టల్లో చేసి చూడండి. చింతపల్లి దాటాక తెల్లవారుజామున ఐదింటికి పంక్చర్ షాపు తెరిచి ఉండదు.

రెండోది బ్రేకు

డాట్ 4 బ్రేకు ఆయిలు గాల్లోని తేమని పీల్చుకుంటుంది. ప్రమాణాల ప్రకారం కొత్త ఆయిలు 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. ఘాట్‌లో పది నిమిషాలు ఆపకుండా బ్రేకు పట్టుకుంటే ఆయిలు మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. ఆవిరి నలుగుతుంది, ద్రవం నలగదు. అందుకే లివరు మెత్తబడుతుంది. మా వాడికి జరిగింది ఇదే. రెండేళ్ళకోసారి ఆయిలు మార్పించండి. పాత బండైతే రబ్బరు గొట్టాలు పగుళ్ళిచ్చాయేమో చూసి, మార్చేటప్పుడు స్టీలు అల్లిక ఉన్నవి వేయించుకోవచ్చు. వాటిని ఒత్తిడి అంతగా ఉబ్బించలేదు. దిగేటప్పుడు గేరు తగ్గించి ఇంజను బ్రేకింగు వాడటం మాత్రం పైసా ఖర్చులేని అప్‌గ్రేడ్.

మూడోది షాకప్సు

ఇది దాదాపు ఉచితం, అయినా ఎవరూ చెయ్యరు. కావాల్సింది ఒక టేపు, ఇద్దరు స్నేహితులు. వెనక చక్రం గాల్లో ఉండేలా బండి నిలబెట్టి, ఇరుసు నుంచి సీటు కింద ఒక గుర్తు దాకా కొలవండి. తర్వాత హెల్మెట్, బ్యాగుతో సహా మీరు ఎక్కి కూర్చుంటే స్నేహితుడు మళ్ళీ అదే కొలవాలి. రెండింటి తేడాని శాగ్ అంటారు. అది షాకప్ మొత్తం కదలికలో మూడో వంతుకి దగ్గరగా ఉంటే బాగుంటుంది. హిమాలయన్ 411 వెనక చక్రం కదలిక 180 మి.మీ. కాబట్టి సుమారు 55 మి.మీ. రావాలి. ఎక్కువ కుంగుతుంటే ప్రీలోడ్ పెంచండి, తక్కువైతే తగ్గించండి.

మా రూమ్మేట్ 58 కిలోలు, నేను 84. ఒకే సెట్టింగు ఇద్దరికీ సరిపోదు కదా! కాకపోతే ప్రీలోడ్ పెంచితే స్ప్రింగు గట్టిపడదు, బండి కూర్చునే ఎత్తు మాత్రమే మారుతుంది. పూర్తిగా పెంచినా కుంగుతూనే ఉంటే అప్పుడు స్ప్రింగు మార్చడం గురించి ఆలోచించాలి.

పాత బళ్ళకి ఇంకో పరీక్ష. ముందు చక్రం గాల్లోకి లేపి హ్యాండిల్ నెమ్మదిగా తిప్పండి. మధ్యలో గాడిలో పడ్డట్టు ఆగితే కోన్ సెట్ పోయినట్టే. ఫోర్క్ గొట్టం మీద నూనె చార కనిపిస్తే సీలు మార్పించాలి. ఇవి సరిచెయ్యకుండా స్టీరింగ్ డ్యాంపర్ లాంటివి కొనడం జ్వరానికి సెంటు పూసినట్టు.

లైట్లు: ముందు కరెంటు లెక్క

రెండు 40 వాట్ల లైట్లు పెడితే 80 వాట్లు. 12 వోల్టుల మీద దాదాపు 6.7 ఆంపియర్లు. ఇంత కరెంటుని హెడ్‌లైటు స్విచ్ వైర్లకి అతికించకండి. బ్యాటరీ నుంచి నేరుగా, ఫ్యూజు, రిలే పెట్టి తీసుకోండి. ఫ్యూజు కాపాడేది లైటుని కాదు, వైరుని. అందుకే అది బ్యాటరీకి వీలైనంత దగ్గర ఉండాలి.

బిగించాక మల్టీమీటరుతో బ్యాటరీ దగ్గర కొలవండి. ఇంజను నడుస్తూ అన్ని లైట్లూ వెలుగుతుండగా 13.5 వోల్టులకి పైన ఉంటే మంచిదే. 12.8 కన్నా తగ్గితే మీరు బ్యాటరీని తింటున్నారు. చలి పొద్దున కిక్ రాడ్ లేని బండిని తోసుకోవాల్సి వస్తుంది. పాత బండిలో హాలోజెన్ హెడ్‌లైటు 55, 60 వాట్లు తింటుందని గుర్తుంచుకోండి. కొత్తవాటిలో చాలావరకు ఎల్‌ఈడీయే కాబట్టి కొంచెం వెసులుబాటు ఉంటుంది.

పసుపు లైటు మంచుని చీల్చుకుపోతుందని అంటారు. మంచు బిందువులు కాంతి తరంగం కన్నా చాలా పెద్దవి, అన్ని రంగుల్నీ దాదాపు ఒకేలా చెదరగొడతాయి. పసుపులో నీలం తక్కువ కాబట్టి కంటికి హాయి, అంతే. అసలు ఉపయోగం లైటు కింద బిగించి, నేల వైపు వంచడంలో ఉంది. అప్పుడు వెలుగు మీ చూపుకి అడ్డంగా పడదు, ఎదుటివాడి కళ్ళలోనూ పడదు.

గార్డులు, సామాను

ఇప్పుడొచ్చింది గార్డుల వంతు. ముందుగా ఇంజను కింద ప్లేటు. ముందు చక్రం ఎగరేసిన రాయి క్రాంక్ కేసుకి తగిలితే ఆయిలు మొత్తం రోడ్డు మీదే. ఆ తర్వాత లోహపు ఫ్రేము ఉన్న హ్యాండ్ గార్డులు. కొత్త లిక్విడ్ కూల్డ్ బళ్ళకి రేడియేటర్ జాలీ కూడా పనికొస్తుంది, బురద పట్టినప్పుడు కడుగుతుంటే. లివరు క్లాంపుని మరీ బిగించెయ్యకుండా కొంచెం తిరిగేలా ఉంచితే పడ్డప్పుడు లివరు విరక్కుండా పక్కకి తిరుగుతుంది. పాత బండికి కొత్త క్లచ్ కేబుల్ ఒకటి పాతదాని పక్కనే పరిచి కట్టేసుకుంటే, దార్లో తెగినా పది నిమిషాల పని.

సామాను విషయంలో మన ఫస్టియర్ స్టాటిక్స్ చాలు. వెనక ఇరుసుకి 400 మి.మీ. వెనక 10 కిలోల టాప్ బాక్సు ఉందనుకోండి, వీల్‌బేస్ 1450 మి.మీ. వెనక చక్రం మీద పడేది 10 కిలోలు కాదు, 12.8. మిగతా 2.8 ముందు చక్రం మీంచి లేచిపోయింది. ఎక్కుడులో హ్యాండిల్ తేలిపోతున్నట్టు అనిపించేది ఇందుకే. బరువైనవి సీటుకి రెండువైపులా, కిందగా కట్టండి. మెత్తటి సాడిల్ బ్యాగులైతే తేలిక, పడ్డా కాలు నలగదు. సైలెన్సర్‌కి తగలకుండా మాత్రం చూస్కోండి.

సైలెన్సర్ అంటే గుర్తొచ్చింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. శబ్దం పెరిగితే బలం పెరగదు, చలానా వస్తుంది.

చివరిగా వరుస

డబ్బు తక్కువుంటే ఈ వరుసలో ఖర్చు పెట్టండి: ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్, టైర్లు, బ్రేకులు, శాగ్, కోన్ సెట్, పంక్చర్ సామాను, ఇంజను ప్లేటు, హ్యాండ్ గార్డులు, బ్యాగులు, లైట్లు. మంచులోనో రాత్రిపూటో వెళ్ళక తప్పదనుకుంటే లైట్లని పైకి జరపండి. కొత్త బండివాళ్ళు శాగ్‌తో మొదలుపెట్టండి. పాత బండివాళ్ళు టైరు తేదీతో మొదలుపెట్టండి.

ఒకసారికి ఒక్కటే మార్చండి. మార్చాక వంద కిలోమీటర్లు నడపండి, ఏం మారిందో ఫోన్లో రాసుకోండి. మూడు మార్పులు ఒకేరోజు చేస్తే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో తెలీదు. ల్యాబ్‌లో మనకి నేర్పింది కూడా ఇదే కదా.