ఇంటి ముందు రోడ్డు ఎవరిది?

మన ఊళ్ళలో గుమ్మం దిగితే వాకిలి. తెల్లవారుతూనే కల్లాపి జల్లి ముగ్గు పెట్టేది అక్కడే. కాగితాల మీద అది పంచాయతీదో మునిసిపాలిటీదో కావచ్చు గాని, మన మనసులో మాత్రం మనదే. సిడ్నీ వచ్చి ఇల్లు కొనుక్కున్నా ఆ భావం మనల్ని వదలదు. "మా ఇంటి ముందు మా కారు పెట్టుకోవడానికి అడ్డేమిటండీ?" అని మిత్రులు చాలామంది అడుగుతూ వుంటారు. పండుగలూ వ్రతాలూ కలిసి జరుపుకునే మనకు ఈ ప్రశ్న తరచు ఎదురయ్యేదే గనుక, మాకు తెలిసిన సంగతులు చదువరుల ముందు ఉంచుతున్నాము.

మొట్టమొదట గ్రహించవలసింది, మన హద్దు కంచెతో సరి. కంచె అవతలి ఫుట్‌పాత్, దాని పక్కన గడ్డి, ఆపైన రోడ్డు అందరివీ. 'నేచర్ స్ట్రిప్' అనే ఆ గడ్డిని కోసేది మనమే. దాని మీద కారు పెడితే జరిమానా కట్టేదీ మనమే! సొంత డ్రైవ్‌వేకి అడ్డంగా కారు నిలిపినా తప్పే. పక్క వీధివారు వచ్చి మన ఇంటి ముందు కారు పెట్టుకుంటే, బోర్డు ఒప్పుకున్నంతసేపు, తీసెయ్యమనే అధికారం మనకు లేదు.

ఇక బోర్డుల భాష. ఆకుపచ్చ అక్షరాలు ఎంతసేపు ఉండవచ్చో చెబుతాయి; ఎర్ర అక్షరాలు వద్దంటాయి. 'పీ' ముందు 2 ఉంటే రెండు గంటలు, 1/2 ఉంటే అరగంట. కింద రాసిన రోజులకూ వేళలకూ మాత్రమే ఆ హద్దు. బాణం గుర్తు ఎటు చూపితే ఆ వైపే ఆ బోర్డు వర్తిస్తుంది. 'నో స్టాపింగ్' అంటే క్షణమైనా ఆగరాదు. 'నో పార్కింగ్' దగ్గర మనుషులనో సామాన్లనో దింపడానికీ ఎక్కించుకోవడానికీ రెండు నిమిషాలు ఆగవచ్చు; డ్రైవరు కారుకు మూడు మీటర్లు దాటి పోకూడదు. ఇది మన న్యూ సౌత్ వేల్స్ లెక్క. విక్టోరియాలో లెక్క వేరు కావచ్చు. కనుక మెల్‌బోర్న్ బంధువుల మాట ఇక్కడ ప్రమాణం కాదు.

బోర్డు లేనిచోట నియమం లేదనుకోవడం పొరపాటు. సిగ్నల్ దీపాలు లేని కూడలికి పది మీటర్ల లోపల, అగ్నిమాపక దళంవారి హైడ్రెంట్‌కు ఒక మీటరు లోపల, పోస్టు డబ్బాకు మూడు మీటర్ల లోపల కారు నిలపరాదు. రోడ్డు మధ్య తెగని గీత ఉంటే, ఆ గీతకూ మన కారుకూ నడుమ మూడు మీటర్ల ఖాళీ ఉండాలి. కారు ముఖం వాహనాలు సాగే దిక్కుకే ఉండాలి.

ఇవన్నీ కౌన్సిల్ ఖజానా నింపడానికే అని విసుక్కునేవారున్నారు. వైద్యులుగా మా చూపు వేరు. గుండె ఆగిన మనిషికి విద్యుత్ షాక్ ఇవ్వడం ఒక్కొక్క నిమిషం ఆలస్యమయ్యే కొద్దీ బ్రతికే అవకాశం నూటికి ఏడు నుంచి పది వంతులు తగ్గిపోతుంది. అంబులెన్స్ దూరలేని వీధిలో ఆ నిమిషాలు ఎవరి ఖాతాలో రాయాలి? మూలన నిలిపిన కారు చాటునుంచి రోడ్డు మీదికి వచ్చే పిల్లవాడు డ్రైవరుకు కనిపించడు. బడి వేళల్లో స్కూల్ జోన్‌లో 'నో స్టాపింగ్' దగ్గర ఆగితే జరిమానాతోపాటు రెండు డీమెరిట్ పాయింట్లు పడేది అందుకే.

రైలు స్టేషన్లకూ ఆస్పత్రులకూ దగ్గరి వీధుల్లో నివాసులకు కౌన్సిల్‌వారు పర్మిట్లు ఇస్తారు. 'పర్మిట్ హోల్డర్స్ ఎక్సెప్టెడ్' అని ఉన్నచోట ఆ పర్మిట్ ఉన్నవారికి గంటల హద్దు లేదు. అయితే బోర్డు మీది ఏరియా నంబరూ పర్మిట్ మీది నంబరూ ఒకటే కావాలి. పర్మిట్ ఉన్నంత మాత్రాన చోటు దొరికి తీరుతుందని కాదు. 'నో స్టాపింగ్' చోట అది పనికిరాదు. గరాజు ఉన్న ఇంటికి ఆ మేరకు పర్మిట్లు తగ్గించే కౌన్సిళ్ళు చాలా ఉన్నాయి. అందులో ఆవకాయ జాడీలూ పాత ట్రంకు పెట్టెలూ నింపుకున్నామంటే వారు వినరు. కొత్తగా కట్టిన ఫ్లాట్లవారికి అసలు పర్మిట్టే ఇవ్వని కౌన్సిళ్ళూ ఉన్నాయి. అద్దెకో కొనడానికో చూసేటప్పుడే ఈ సంగతి అడిగి తెలుసుకోవడం మంచిది.

ఇక ఒక సున్నితమైన విషయం. "డాక్టరు గారూ, మా అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు, ఒక సంతకం పడేద్దురూ" అని అడిగేవారు ఎదురవుతూనే ఉంటారు. వికలాంగులకు ఉద్దేశించిన మొబిలిటీ పార్కింగ్ పర్మిట్ మొహమాటానికి ఇచ్చేది కాదు. వంద మీటర్లు నడిస్తే ఆరోగ్యం దెబ్బతినేవారికీ, చేతికర్రలూ వాకరూ వంటి ఆసరా లేనిదే కదలలేనివారికీ, చూపు లేనివారికీ ఉద్దేశించినది. నిజంగా అర్హులైన పెద్దలు మన ఇళ్ళలోనే కొందరు సంకోచంతో అడగక ఊరుకుంటున్నారు. వారు తప్పక అడగాలి. తాత్కాలికంగా కాలు పనిచేయనివారికి కూడా పర్మిట్ ఉంది. కాని అది మనిషికిచ్చినది, కారుకు కాదు. అత్తగారు ఇంట్లో టీవీ చూస్తుండగా అల్లుడు ఆ కార్డు పెట్టుకుని షాపింగ్ చేస్తే, చక్రాల కుర్చీలో వచ్చిన మరొకరి చోటు లాక్కున్నట్లే.

టికెట్ పడితే దాచిపెట్టి మరచిపోవద్దు. కట్టకపోతే ఖర్చులు కలిసి పెరుగుతుంది. లైసెన్సు సస్పెండ్ అయ్యే దాకా పోవచ్చు. అన్యాయమనిపిస్తే బోర్డుకు ఫోటో తీసి, పునఃపరిశీలన కోరుతూ రెవెన్యూ ఎన్.ఎస్.డబ్ల్యు. వారికి రాసుకోవచ్చు. 2020 నుంచి కారు మీద కాగితం పెట్టకుండానే జరిమానాలు వేసే పద్ధతి కౌన్సిళ్ళలో వ్యాపించింది. దానిపై జనం గగ్గోలు పెట్టగా చట్టం మారి, 2025 జూలై 1 నుంచి కారు మీద నోటీసు పెట్టాలనే నియమం వచ్చింది.

చివరిగా ఒక మనవి. సత్యనారాయణ వ్రతానికో బొమ్మల కొలువుకో ఇరవై కుటుంబాలను పిలిచేటప్పుడు, పిలుపుతోపాటు కార్లు ఎక్కడ పెట్టాలో కూడా చెబుదాం. దగ్గరివారు ఇద్దరు ముగ్గురు ఒకే కారులో రావచ్చు. ఇరుగుపొరుగు వారికి రెండు రోజుల ముందు ఒక మాట చెప్పి, ఆనాడు ప్రసాదం కూడా పంపితే మరీ మంచిది. ఈ వీధిలో మన గురించి ఏర్పడే అభిప్రాయం మన సంగీతం విని కాదు, మన సాహిత్యం చదివి కాదు. పక్కింటావిడ రాత్రి డ్యూటీకి బయలుదేరేటప్పుడు ఆమె డ్రైవ్‌వే ఖాళీగా ఉందా లేదా అన్నదాన్ని బట్టే.