మ్యాచ్ కాలేదా? అదే దరఖాస్తు మళ్లీ పంపొద్దు

చాదర్‌ఘాట్ పక్కనే, కోఠిలోని ఉస్మానియా వైద్య కళాశాలలో చదివిన ఎందరో అమెరికా రెసిడెన్సీకి దరఖాస్తు చేస్తుంటారు. ‘మ్యాచ్’ ఫలితాలు మార్చిలో వస్తాయి. అమెరికా పౌరులు కాని విదేశీ పట్టభద్రుల్లో 2024లో సీటు దక్కింది పదిమందిలో దాదాపు ఆరుగురికే. రాకపోవడం మీ ఒక్కరి కథ కాదు.

మళ్లీ ప్రయత్నించే ముందు ఎక్కడ ఆగిపోయారో చూసుకోండి. ఇంటర్వ్యూ పిలుపులే రాకపోతే లోపం దరఖాస్తులో ఉండొచ్చు. పాసైన స్టెప్-2ను మార్కుల కోసం మళ్లీ రాయడానికి వీల్లేదు. స్టెప్-3 పాసవడం, అమెరికా ఆసుపత్రుల్లో అనుభవం, తాజా సిఫారసు లేఖలు మాత్రం మీ చేతుల్లోనే ఉన్నాయి. ఇంటర్వ్యూలు జరిగినా సీటు రాలేదా? సీనియర్ల ముందు కూర్చుని మాట్లాడటం సాధన చేయండి.

సెప్టెంబరులో మళ్లీ దరఖాస్తు చేసేవరకు రోగులను చూడటం మానొద్దు. ఖాళీ పెరిగేకొద్దీ దరఖాస్తు బలహీనపడుతుంది. ఎన్నిసార్లు ప్రయత్నించాలో ముందే నిర్ణయించుకోండి. నీట్ పీజీ దారినీ మూసేయొద్దు.

రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోయినా, దిగులు తగ్గకపోయినా మానసిక వైద్యుణ్ని కలవండి. టెలి మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. వైద్యులకూ వైద్యం అవసరమే.

తల్లిదండ్రులూ, ‘ఎవరికి వచ్చింది?’ అని అడగకండి. ‘భోంచేశావా?’ అని అడగండి.